పేరు లేని డబ్బాలు

ఎనిమిదో అంతస్తులో, మూసిన బాత్రూం తలుపు వెనక నిదానమక్క దగ్గుతుంటే, ఇవతలి గదిలో నేను తివాచీ తోముతూనే ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా పోరాటం గురించి చెప్పమని కాలేజీ పిల్లలు అడిగారు. పక్క భవనాల్లో పనిచేసేవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. పోరాటాన్ని గొప్పగా చెప్పుకోవచ్చు. కాని అది ఎక్కడ మొదలైందో చెప్పాలంటే నా సిగ్గు కూడా చెప్పుకోవాలి.

మాది ఇళ్ళు శుభ్రం చేసే పని. నాలుగు భవనాలు, ఒక్కొక్కటి పన్నెండు అంతస్తులు, ఒక కాంట్రాక్టరు, అతని కింద డెబ్భై మందిమి. చూసేవాళ్ళకు నేల అంటే నేలే. చీపురు, గుడ్డ, బకెట్టు ఉంటే చాలనుకుంటారు. కాదు. చెక్క నేలకు నీళ్ళు పడవు. గుడ్డను మణికట్టు నొప్పి పుట్టేదాకా పిండి, చెక్క గీత ఎటు పోతే అటే తుడవాలి. పాలరాయికి పులుపు తగలకూడదు. నిమ్మచెక్క జారిపడినా రాయి మెరుపు చచ్చిపోతుంది, ఆ మచ్చను మళ్ళీ అరగదీయాల్సిందే. తివాచీ మీద మరక పడితే రుద్దకూడదు, అద్దాలి. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి. ఇవన్నీ నాకు నేర్పింది నిదానమక్క. కొత్తగా ఎవరొచ్చినా పక్కన చతికిలపడి "నిదానం, నిదానం" అనేది. అందుకే ఆమె అసలు పేరు మాలో సగం మందికి తెలియదు.

ఆ ఎనిమిదో అంతస్తు ఇల్లు ఏడాదిగా మూసి ఉంది. ఇంటివాళ్ళు మర్నాడు దిగుతున్నారు. మొత్తం ఇల్లు ఒక్క రోజులో అద్దంలా చేసిపెడతానని కాంట్రాక్టరు మాటిచ్చాడు. ఇంటావిడ పనులు చూసుకోవడానికి ముందుగానే వచ్చింది. బాత్రూం టైల్స్ మీద ఉప్పునీళ్ళ చారలు గట్టిపడి పొలుసులు కట్టి ఉన్నాయి. మా మేస్త్రమ్మ రెండు డబ్బాలు మోసుకొచ్చింది. మేస్త్రమ్మ అంటే మా మీద సూపర్‌వైజరు. ఒకప్పుడు ఆమె కూడా మాతో పాటు బకెట్టు పట్టిన మనిషే.

డబ్బాల మీద కాగితాలు పీకేసి ఉన్నాయి. మా దగ్గర ఏ డబ్బాకూ పేరుండదు. కాంట్రాక్టరు కడిగే మందులను పెద్ద పీపాల్లో తెప్పించి, పాత డబ్బాల్లో పోయించేవాడు. పేరు తెలిస్తే మేమే బజార్లో కొనుక్కుని సొంతంగా ఇళ్ళు పట్టుకుంటామని అతని భయం.

"ఇదేం మందే?" అని అడిగింది నిదానమక్క.

"నాకేం తెలుసు. ఆయనిచ్చాడు," అంది మేస్త్రమ్మ. "విడివిడిగా వాడితే సాయంత్రానికి తెమలదంట. రెండూ కలిపి పోసెయ్యమన్నాడు."

"ఎప్పుడూ కలపలేదు కదే."

"నన్ను చంపుకు తినకే తల్లీ. కింద ఇంకా మూడిళ్ళున్నాయి."

నిదానమక్క డబ్బాలు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ బాత్రూం కిటికీ అద్దం తెరుచుకునేది కాదు. గాలిని లాగే ఫ్యానుకు ఇంకా కరెంటు తగిలించలేదు. ఇంటావిడ వచ్చి, "తలుపేసుకుని చెయ్యండమ్మా. ఆ వాసన కార్పెట్‌కి పట్టుకుంటే పోదు," అంది. కసిరి చెప్పలేదు. మామూలుగా, మంచినీళ్ళు కావాలా అని అడిగినట్టే చెప్పింది.

కాసేపటికి దగ్గు మొదలైంది. నేను లేవబోయాను.

"తలుపు తియ్యకు. ఇల్లంతా కంపు కొడుతుంది. అయ్యాక ఆవిడే వస్తుందిలే," అంది ఇంటావిడ.

నేను కూర్చున్నాను. బ్రష్షు తీసుకున్నాను. తివాచీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక వరస తోమాను. అంతసేపూ దగ్గు వినబడుతూనే ఉంది. తరువాత ఆగిపోయింది. అది ఆగినప్పుడు బ్రష్షు పడేసి లేచాను.

తలుపు తోస్తే సగమే తెరుచుకుంది. అక్క కాళ్ళు అడ్డం ఉన్నాయి. లోపల గాలి పచ్చగా ఉంది. నా కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. ఊపిరి బిగబట్టి చంకల కింద చేతులు వేసి బయటికి లాగాను. ఆమె నోటి నుంచి నురగ వస్తోంది. చేతిలో టైల్స్ సందులు తోమే చిన్న బ్రష్షు అలాగే ఉంది.

ఇంటావిడ ఫోను చేసింది. ఆసుపత్రికి కాదు. కాంట్రాక్టరుకు.

నా కేకలకు మిగతావాళ్ళూ వాచ్‌మనూ పైకి పరిగెత్తుకొచ్చారు. పనివాళ్ళ లిఫ్టు చెడిపోయి రెండు నెలలైంది. ఇంటివాళ్ళ లిఫ్టు ముందు వాచ్‌మన్ నిలబడ్డాడు. "రూలు, అక్కా. ఒక్క నిమిషం, సెక్రటరీ గారిని అడుగుతాను," అన్నాడు. అతని కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. ఆ ఒక్క నిమిషం ఆగలేక, సోఫా మీది దుప్పట్లో అక్కను వేసుకుని మెట్ల మీదుగా దింపాం. ఒక పక్క నేనూ మేస్త్రమ్మా, ఇంకో పక్క రాళ్ళ బాబాయీ గాలిపటమూ. రాళ్ళ బాబాయి ముప్ఫై ఏళ్ళుగా నేలలకు పాలిష్ పడుతున్న పెద్దాయన. గాలిపటం తాడుకు వేలాడుతూ బయటి కిటికీలు తుడిచే కుర్రవాడు. ఎనిమిది అంతస్తులు. మేస్త్రమ్మ ప్రతి మలుపులోనూ "నిదానం, నిదానం" అంటోంది. తాను ఏమంటున్నదో ఆమెకు తెలియడం లేదు.

మూడో రోజు మధ్యాహ్నం నిదానమక్క చనిపోయింది. ఊపిరితిత్తులు లోపల్నుంచి కాలిపోయాయన్నాడు డాక్టరు. ఆమెకు ఒక్కతే కూతురు, కాలేజీలో చదువుతోంది. ఆ పిల్ల ఏడవలేదు. "ఏ మందులు కలిపారు?" అని అడిగింది. ఎవరూ చెప్పలేకపోయాం. డెబ్భై మందిమి రోజూ చేతుల్తో ముట్టుకునే మందు పేరు మాలో ఒక్కరికీ తెలియదు.

కాంట్రాక్టరు ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. పిల్ల తల మీద చెయ్యి వెయ్యబోయాడు. "మీ అమ్మకి ముందే ఆయాసం ఉంది కదమ్మా," అన్నాడు. పిల్ల తల పక్కకు తీసుకుంది.

మర్నాడు పొద్దున పనిముట్లు ఉండే నేలమాళిగ గది ముందు మేం వరసలో నిలబడి ఉంటే, మేస్త్రమ్మ తల దించుకుని కాగితాలు పంచింది. సంతకం పెట్టినవాళ్ళకే బకెట్టు ఇస్తారట. చదువు వచ్చిన గాలిపటం గట్టిగా చదివాడు. మందుల గురించి మాకు అన్నీ వివరంగా చెప్పారట. మా ఇష్టం మీదే వాడుతున్నామట. మాకేమైనా అయితే బాధ్యత మాదేనట.

"ఎప్పుడు చెప్పారు?" అన్నాను నేను.

మేస్త్రమ్మ ఇంకో కాగితం తీసి పక్కవాళ్ళకు ఇచ్చింది.

"నిన్నేనే. ఎప్పుడు చెప్పారు?"

"పెట్టెయ్యండే," అంది ఆమె గొంతు తగ్గించి. "పెట్టకపోతే కొత్తవాళ్ళని తెస్తానంటున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను."

వెనక నుంచి ఎవరో, "చంపింది నువ్వే," అన్నారు. ఆమె మొహం గోడకు తిప్పుకుంది. వరసలో ముందున్న నలుగురు వేలిముద్రలు వేశారు. తరువాతి వంతు నాది. నా చేతికి కాగితం ఇచ్చారు. నేను దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుని వరసలోంచి బయటికి వచ్చేశాను. అదేమీ ధైర్యం కాదు. ఆ గది ముందు నిలబడలేకపోయాను. తిరిగి చూస్తే నా వెనక ఇంకో ముప్ఫై మంది వచ్చేస్తున్నారు.

ఆ మధ్యాహ్నం మేముండే గదుల వరస ముందు, నీళ్ళ కుళాయి దగ్గర కూర్చున్నాం. మీటింగు అని ఎవరూ పిలవలేదు. పని లేని మనుషులు ఎక్కడికి పోతారు. వేలిముద్రలు వేసినవాళ్ళలో కూడా కొందరు వచ్చి దూరంగా నిలబడ్డారు.

"ఆ పాలరాతి మీద ఆ మందే నాలుగు డబ్బాలు కుమ్మరిద్దాం," అన్నాడు గాలిపటం. "కింద హాలు మొత్తం. అప్పుడు తెలుస్తుంది వాళ్ళకి, కాలడం అంటే ఏంటో."

కొందరు అవునన్నారు. నాకూ అనాలనిపించింది.

రాళ్ళ బాబాయి అప్పటిదాకా చేతులకు అంటిన పాలిష్ పిండి గీక్కుంటూ ఉన్నాడు. "ఆ హాలు రాయి నేను పాలిష్ పట్టిందిరా," అన్నాడు. "నాలుగు నెలలు మోకాళ్ళ మీద కూర్చుని పట్టాను. నా మోకాళ్ళు ఆ రాతిలోనే ఉన్నాయి. దాన్ని కాల్చి నువ్వేం సాధిస్తావు? వాడు ఇంకో రాయి వేయిస్తాడు. దాన్ని పట్టడానికి ఇంకో ముసలాణ్ణి తెస్తాడు."

"మరేం చేద్దాం బాబాయ్? దణ్ణం పెడదామా?"

"పని మనది. దాన్ని పాడు చెయ్యక్కర్లేదు, ఆపితే చాలు."

"ఆపితే తినేదేంటి?" అని అడిగింది ముగ్గురు పిల్లల తల్లి ఒకావిడ. "మీకు మాటలు బాగానే ఉంటాయి. నేను ముద్ర వేశాను. వేస్తాను. ఇంట్లో పొయ్యి మీద ఎసరు కాగుతుంటే, అందులో నీతులు పొయ్యమంటారా?"

ఎవరూ ఆమెను తిట్టలేదు. ఆమె అడిగింది మా అందరి కడుపుల్లోనూ ఉన్న ప్రశ్నే.

అప్పుడు నిదానమక్క కూతురు వచ్చింది. వెంట కాలేజీ పిల్లలు ముగ్గురు ఉన్నారు. చేతుల్లో రెండు డబ్బాలున్నాయి. ఎనిమిదో అంతస్తులోవే. ఆ రోజు మేమంతా అక్క మీద పడి ఏడుస్తుంటే రాళ్ళ బాబాయి వాటిని తన పాలిష్ ఇసుక సంచిలో దాచి, తరువాత ఆ పిల్లకు ఇచ్చాడట. పిల్ల వాటిని కాలేజీకి తీసుకెళ్ళి తన టీచరుతో పరీక్ష చేయించింది.

"ఇది ఆసిడ్," అంది ఒక డబ్బా ఎత్తి. "ఇది బట్టల మరకలకి వాడే బ్లీచు. దేనికది జాగ్రత్తగా వాడుకోవచ్చు. రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అక్కడి తడితో కలిసి మళ్ళీ ఆసిడ్ అవుతుంది. ఈ రెండూ కలపొద్దని పీపా మీదా, డబ్బా మీదా అచ్చువేసి ఉంటుంది. పెద్ద అక్షరాల్లో. మీకిచ్చే ముందు పీకేసింది ఆ కాగితమే."

రాళ్ళ బాబాయి సంచిలోంచి విరిగిన పాలరాతి ముక్క తీసి నేల మీద పెట్టాడు. ఆ పిల్ల ఆసిడ్ ఒక్క చుక్క దాని మీద వేసింది. రాయి చుయ్యిమని పొంగింది. నురగ తగ్గాక ఆ చోట చిన్న గుంట కనబడింది. అందరం వంగి చూశాం. ఈ కాంట్రాక్టరు వచ్చిన మూడేళ్ళుగా దాన్నే చేతుల్తో ముట్టుకుంటున్నాం.

ముగ్గురు పిల్లల తల్లి ముందుకు వచ్చి ఆ గుంటను వేలితో తడమబోయింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ ఆ చెయ్యి విడిపించుకోకుండానే నిలబడి, "నేను ముద్ర వేసిన కాగితం వెనక్కిస్తారా?" అని అడిగింది.

ఏం అడగాలో అక్కడే రాసుకున్నాం. రాసింది కాలేజీ పిల్లలు, చెప్పింది మేము. ప్రతి డబ్బాకూ పేరుండాలి. మూసిన గదిలో మందు వాడమంటే వాడం. ఒంటరిగా ఎవరినీ పంపకూడదు. మనిషి పడిపోతే ఏ లిఫ్టయినా తెరవాలి. నిదానమక్క చావుకు కారణం ఎవరో కాంట్రాక్టరు కాగితం మీద రాసివ్వాలి. చివరిది రాస్తున్నప్పుడు ఒకాయన, "అది ఎలాగూ ఒప్పుకోడు, తీసేద్దాం. మిగతావైనా దక్కుతాయి," అన్నాడు. దాని మీద చాలాసేపు వాదన జరిగింది. చివరికి ఆ మాట అన్నాయనే, "సరే, ఉంచండి. ఉంచకపోతే మిగతావి ఎందుకు అడుగుతున్నామో మనమే మర్చిపోతాం," అన్నాడు.

పని ఆపేశాం. డెబ్భైలో అరవై ముగ్గురం. రెండో రోజుకే మెట్ల మీద దుమ్ము కనబడింది. నాలుగో రోజుకు చెత్తబుట్టలు లిఫ్టుల ముందు నిండి వాసన కొట్టాయి. కొందరు ఇంటివాళ్ళు కిటికీల్లోంచి మమ్మల్ని తిట్టారు. ఒకరిద్దరు చాటుగా దిగివచ్చి, చేతిలో రొట్టెల సంచి పెట్టి, మాట్లాడకుండా పైకి వెళ్ళిపోయారు. ఎనిమిదో అంతస్తు ఆవిడ కిందకు రాలేదు. ఆ ఇంటి కర్టెన్లు ఎప్పుడూ మూసే ఉండేవి.

అయిదో రోజు పొద్దున వ్యాను వచ్చింది. అందులో ఇరవై మంది కొత్త ఆడవాళ్ళు. గేటు దగ్గర వ్యాను చుట్టూ నిలబడ్డాం. వాళ్ళు భయపడి కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. గాలిపటం వ్యాను మీద చరిచాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"దిగండమ్మా, ఏమీ చెయ్యం," అన్నాను. డబ్బా ఒకటి కిటికీలోంచి లోపలికి అందించాను. "దీన్లో ఏముందో చెప్పి లోపలికి వెళ్ళండి. దారిస్తాం."

డబ్బా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారింది. వెనక సీట్లో కూర్చున్న ఒక నడివయసు మనిషి దాన్ని వాసన చూసి మొహం తిప్పుకుంది. "మాకూ ఇదే ఇస్తాడు," అంది. "అటువైపు ఆఫీసుల్లో చేస్తాం మేము. మొన్న మా పిల్ల ఒకతి కళ్ళు తిరిగి పడింది. తిండి లేక అన్నాడు." ఆమె లేచి, సీట్ల మధ్య నుంచి దారి చేసుకుని కిందకు దిగింది. ఒకరి తరువాత ఒకరు పన్నెండు మంది దిగారు. మిగతావాళ్ళను డ్రైవరు వెనక్కి తీసుకెళ్ళిపోయాడు.

ఆ ఊపులో మేం గేటు దాటి హాల్లోకి వెళ్ళాం. వాచ్‌మన్ అడ్డు రాలేదు, కర్ర గోడకు ఆనించి పక్కకు జరిగాడు. ఆ హాలు రోజుకు మూడుసార్లు తుడిచేవాళ్ళం గాని, ఎప్పుడూ కూర్చున్నది లేదు. కూర్చున్నాం. రాయి చల్లగా ఉంది. రాళ్ళ బాబాయి కాళ్ళు బార్లా చాపుకుని, అరచేత్తో ఆ నున్నదనాన్ని నిమిరి చూసుకున్నాడు.

కాంట్రాక్టరు వచ్చాడు. డబ్బాలకు పేర్లు వేయిస్తానన్నాడు, లిఫ్టు సంగతి సెక్రటరీతో మాట్లాడతానన్నాడు. "చచ్చిపోయినావిడ సంగతి మాత్రం మర్చిపోండి," అన్నాడు.

"మర్చిపోతే మీరు మళ్ళీ డబ్బాల కాగితాలు పీకుతారు," అంది ముగ్గురు పిల్లల తల్లి. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగలదని మాకెవరికీ తెలియదు.

అతను బయటికి వెళ్ళి ఫోను చేసుకున్నాడు. గంటలో పోలీసులు దిగారు. లేవమన్నారు. లేవలేదు. జుట్లు పట్టుకుని లాగారు. తుడిచి తుడిచి నున్నబడిన రాయి కదా, మనుషులు సులువుగా జారిపోతారు. గాలిపటం గుమ్మం పట్టుకుని వేలాడితే వేళ్ళ మీద లాఠీతో కొట్టారు. రెండు వేళ్ళు విరిగాయి. మళ్ళీ తాడు పట్టుకోగలడో లేదో ఇప్పటికీ తెలియదు.

స్టేషన్లో మమ్మల్ని ఒక పొడుగాటి గదిలో కూర్చోబెట్టారు. సిమెంటు నేల. దుమ్ము, బీడీ ముక్కలు, ఎండిపోయిన ఉమ్ము మరకలు. హెడ్ కానిస్టేబులు మా వంక చూసి నవ్వాడు. మూల నుంచి చీపురు తెచ్చి మా మధ్యలో పడేశాడు. "మీ పనే కదా. ఊరికే కూర్చోవడం ఎందుకు, ఊడ్వండి," అన్నాడు.

ఒక్కరమూ కదల్లేదు. మాలో ఎన్నో చేతులకు చీపురు కనబడితే ఊరుకోవడం చేతకాదు. నా చేతులే నా ఒళ్ళో బిగుసుకున్నాయి. అతను రాళ్ళ బాబాయిని కాలితో తట్టాడు. "నువ్వు లేవరా."

"నేను పాలిష్ పడతాను బాబూ, ఊడ్వను," అన్నాడు బాబాయి. ఎవరో నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకింది. చీపురు మధ్యలో అలాగే ఉండిపోయింది.

సాయంత్రం కాకముందే మేస్త్రమ్మ వచ్చింది. మా మీద ఫిర్యాదు రాసివ్వడానికి కాంట్రాక్టరే పంపాడు. ఆ కాగితం ఆమె చేతిలోనే ఉంది. బల్ల ముందు నిలబడింది. మాతో పాటే పట్టుకొచ్చిన నిదానమక్క కూతురు గోడ పక్క నుంచి ఆమెనే చూస్తోంది.

"సంతకం పెట్టు," అన్నాడు హెడ్డు.

"ఇది కాదు," అంది మేస్త్రమ్మ. "వేరేది రాసుకోండి. డబ్బాలు నేనిచ్చాను. కలపమని చెప్పింది నేను. నాకు చెప్పింది ఆయన. కాగితాలు పీకమన్నదీ ఆయనే. మూడేళ్ళుగా నా చేత్తో పీకాను. పీపాలు ఎక్కడున్నాయో చూపిస్తాను."

"ఇది రాస్తే ముందు లోపలికి వెళ్ళేది నువ్వే. తెలుసా?"

"తెలుసు. రాయండి."

అతను కలం కింద పెట్టాడు. లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. కాలేజీ పిల్లలు అప్పటికే ఇద్దరు లాయర్లను, పత్రికల వాళ్ళను గుమ్మంలోకి తెచ్చి నిలబెట్టారు. రాయక తప్పలేదు. మేస్త్రమ్మ సంతకం పెట్టి, వచ్చి మా ముందు నిలబడింది. ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియలేదు. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మననూ లేదు. ఆమె చివరికి తలుపు పక్కన, అందరికీ దూరంగా నేల మీద కూలబడింది.

మమ్మల్ని మూడో రోజు వదిలారు. ఆమెను వదల్లేదు. కాంట్రాక్టరును పట్టుకున్నారు, వారం తిరిగేసరికి బెయిలు మీద బయటికి వచ్చాడు. ఇప్పుడతను కార్లో తిరుగుతున్నాడు. పీపాలున్న గోడౌనుకు పోలీసులు వెళ్ళేసరికి అక్కడ కడిగిన నేల తప్ప ఏమీ లేదు. కడిగినవాళ్ళు ఎవరో మేం వెతుకుతున్నాం. వాళ్ళూ మాలాంటివాళ్ళే. నేడో రేపో వచ్చి చెబుతారు.

మొన్న మేస్త్రమ్మను కోర్టుకు తెచ్చారు. మేం రోడ్డుకు ఇటువైపు నిలబడ్డాం. అరవై ముగ్గురమే అనుకుని వెళ్ళాం. ఆఫీసులు తుడిచేవాళ్ళు, ఆసుపత్రి వరండాలు కడిగేవాళ్ళు, హోటళ్ళలో తివాచీలు ఉతికేవాళ్ళు, మాకు మొహాలు కూడా తెలియనివాళ్ళు వచ్చారు. ప్రతివాళ్ళ చేతిలోనూ కాగితం లేని డబ్బా ఒకటి ఉంది. పోలీసు వ్యాను తలుపు తెరిచి ఆమెను దించారు. చిక్కిపోయింది. గుంపును చూసి, తనను కొట్టడానికి వచ్చారనుకుందో ఏమో, ఒక అడుగు వెనక్కి వేసింది.

నా పక్కన ఉన్న ఒక కొత్తావిడ మెడ సాచి చూసి, "ఎవరావిడ?" అని అడిగింది.

ముందు వరసలో ఉన్న నిదానమక్క కూతురు వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"మా మనిషి."